జీలిబ్‌సీ జోలికి వెళ్లే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే లైబ్రరీ గురించి. అందుకే శీర్షిక మొత్తం జీలిబ్‌సీకే ఇచ్చేశాం. లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే మూల సీ లైబ్రరీ అది. దాని ముఖ్యమైన ఫైలు లిబ్‌సీ. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో తెలుగు లిపిలోనే ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. ఎల్‌డీ_ప్రీలోడ్ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లన్నీ పెద్దక్షరాలు. ఆప్షన్ పెద్దక్షరమైన చోట ఆ మాట అక్కడే చెప్పాం.

ప్రశ్న: మా ఆఫీసులో సెంట్‌ఓఎస్ 7 సర్వర్ ఉంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 18 దింపి నడపబోతే "జీలిబ్‌సీ_2.28 నాట్ ఫౌండ్" అంటోంది. సెంట్‌ఓఎస్ 8 జీలిబ్‌సీ ఆర్‌పీఎం (ప్యాకేజీ ఫైలు) తెచ్చి, నోడెప్స్ (ఆధారాలు చూడొద్దనేది), ఫోర్స్ ఆప్షన్లు పెట్టి ఎక్కించేయవచ్చా?
— ఒక సిస్టమ్ అడ్మిన్, విజయవాడ

జవాబు: వద్దు. ఎక్కించిన మరుక్షణం మీరు సుడో చేయలేకపోవచ్చు, ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ కూడా తెరుచుకోకపోవచ్చు. కారణం ఏమిటంటే, సెంట్‌ఓఎస్ 7లో పాస్‌వర్డ్ హ్యాష్ పని చూసే లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1 జీలిబ్‌సీ ప్యాకేజీలోనే ఉంటుంది. 8కి వచ్చేసరికి దాన్ని విడదీసి లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ అనే వేరే ప్యాకేజీలో పెట్టారు. 8 తాలూకు జీలిబ్‌సీని బలవంతంగా ఎక్కిస్తే పాతదాంతో పాటు లిబ్‌క్రిప్ట్ కూడా పోతుంది. లాగిన్‌తో సంబంధమున్నవన్నీ, అంటే పామ్ (లాగిన్ తనిఖీ చేసేది), ఎస్‌ఎస్‌హెచ్‌డీ, సుడో, దాని మీదే ఆధారపడ్డాయి. ఆర్‌పీఎం వద్దని చెప్పింది ఇందుకే. నోడెప్స్ పెట్టడమంటే ఆ హెచ్చరికను మీరే నోరు మూయించడం.

అసలు లోపం ఎక్కడుందో చూద్దాం. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2012 డిసెంబరులో వచ్చిన 2.17. నోడ్ 18 అధికారిక బైనరీలు కట్టింది 2.28 మీద, అది 2018 ఆగస్టుది. జీలిబ్‌సీ వెనక్కి కలుస్తుంది, ముందుకు కలవదు: 2.17 మీద కట్టిన ప్రోగ్రాం 2.39 మీద హాయిగా నడుస్తుంది, 2.28 మీద కట్టింది 2.17 మీద నడవదు. ప్రతి ఫంక్షన్‌కూ అది ఏ వెర్షన్‌లో ఆ రూపానికి వచ్చిందో ముద్ర ఉంటుంది. ఆ ముద్రలు మీ సిస్టమ్‌లో లేకపోతే లోడర్ (ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించేది) మొదటి అడుగులోనే ఆపేస్తుంది. మీ బైనరీ ఏమేం అడుగుతోందో చూడాలంటే "ఆబ్జ్‌డంప్ -టీ నోడ్" (టీ పెద్దక్షరం) కొట్టి, వచ్చినదాన్ని గ్రెప్‌తో జీలిబ్‌సీ_ అన్న వరుసల దగ్గర వడకట్టండి. ఎక్కడి నుంచో దింపుకున్న బైనరీ మీద ఎల్‌డీడీ కొట్టకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుంది. సిస్టమ్‌లో ఏముందో తెలియడానికి "ఎల్‌డీడీ --వెర్షన్" మొదటి లైను చాలు.

ఇందులోనే తరచూ దెబ్బతినే చోటొకటి ఉంది. 2.34లో ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్‌కే కొత్త ముద్ర పడింది. కాబట్టి ఉబుంటు 22.04 మీద కంపైల్ చేస్తే "హలో వరల్డ్" కూడా 2.34 అడుగుతుంది. మీ కోడ్‌లో కొత్తది ఏమీ లేకపోయినా సరే. పాత సర్వర్లకు పంపే బైనరీని ఆ సర్వర్లంత పాత వాతావరణంలోనే కట్టడానికి కారణం ఇదే.

మీ పనికి దారులు, మేం సిఫారసు చేసే వరుసలో:

మొదటిది, సర్వర్ మార్చడం. సెంట్‌ఓఎస్ 7 మద్దతు 2024 జూన్ 30న ముగిసింది. ఆల్మా లేదా రాకీ 8, 9 మీదకు పని తరలిస్తే ఈ ప్రశ్నే ఉండదు. ఉన్న యంత్రాన్నే మార్చాలంటే ఆల్మా వాళ్ల ఎలివేట్ ఉంది. ముందు దాని కాపీ మీద నడిపి చూడండి.

రెండోది, కంటైనర్, అంటే ప్రోగ్రాంను దాని లైబ్రరీలతో సహా ఒక ఇమేజ్‌గా కట్టి విడిగా నడపడం. జీలిబ్‌సీ ఇమేజ్‌లోనే వస్తుంది, హోస్ట్ నుంచి వాడుకునేది కెర్నల్ ఒక్కటే. సెంట్‌ఓఎస్ 7 కెర్నల్ 3.10, ఇప్పటి జీలిబ్‌సీకి కనీసం 3.2 చాలు, కాబట్టి ఆ వైపు చిక్కు లేదు. చిక్కు కంటైనర్లను నడిపే డాకర్ దగ్గర ఉంది. 2.34 నుంచి జీలిబ్‌సీ థ్రెడ్లు పుట్టించడానికి క్లోన్3 అనే సిస్టమ్ కాల్ వాడుతుంది. పాత డాకర్ సెక్‌కాంప్ (ఏ సిస్టమ్ కాల్‌ను అనుమతించాలో చూసే వడపోత) జాబితాకు అది తెలియదు. "ఇలాంటి కాల్ లేదు" అనకుండా "అనుమతి లేదు" అని జవాబిస్తుంది. "లేదు" అని ఉంటే జీలిబ్‌సీ పాత క్లోన్‌కు మళ్లేది, "అనుమతి లేదు" అనేసరికి థ్రెడ్ పుట్టక ప్రోగ్రాం కూలుతుంది. డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. సెంట్‌ఓఎస్ 7 సొంత రెపోలో ఉన్నది 1.13.1. డాకర్‌ను కొత్తది చేయండి తప్ప సెక్‌కాంప్‌నే ఆపేయకండి.

మూడోది నోడ్‌కు మాత్రమే: నోడ్ ప్రాజెక్టు వాళ్ల అనధికారిక బిల్డ్‌లలో జీలిబ్‌సీ-217 పేరుతో 2.17 మీద కట్టినవి దొరుకుతాయి. చాలామందికి ఇదే సరిపోతుంది.

నాలుగోది, ఆ ఒక్క ప్రోగ్రాంకే వేరే జీలిబ్‌సీ. సోర్స్ నుంచి కట్టేటప్పుడు ప్రిఫిక్స్ (ఎక్కించే చోటు) "/ఆప్ట్/జీలిబ్‌సీ-2.28" ఇవ్వండి (ఇక్కడ ఆప్ట్ అంటే ఓ-పీ-టీ). ప్రిఫిక్స్ "/యూఎస్‌ఆర్" అని ఇచ్చి మేక్ ఇన్‌స్టాల్ కొట్టారంటే సర్వర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. 2.28 కట్టడానికి జీసీసీ (కంపైలర్) కనీసం 4.9 కావాలి, సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 4.8.5, అంటే కొత్త జీసీసీ ఉండే డెవ్‌టూల్‌సెట్ తెచ్చుకోవాలి. తర్వాత నోడ్ బైనరీ కాపీ మీద, కట్టేసిన బైనరీలో దారులు మార్చే ప్యాచ్‌ఎల్ఫ్‌తో సెట్-ఇంటర్‌ప్రెటర్‌కు కొత్త లోడర్ పూర్తి దారి, సెట్-ఆర్‌పాత్‌కు కొత్త లిబ్ డైరెక్టరీ ఇవ్వాలి. లోడర్, లిబ్‌సీ ఒకే బిల్డ్‌వి కావాలి. రెండూ ఒకదాన్నొకటి "జీలిబ్‌సీ_ప్రైవేట్" ముద్ర ఉన్న లోపలి ఫంక్షన్లతో పిలుచుకుంటాయి, వెర్షన్ తేడా వస్తే అక్కడే సెగ్మెంటేషన్ ఫాల్ట్. నోడ్ 18కి కొత్త లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ లైబ్రరీ) కూడా కావాలి, దాన్నీ ఆర్‌పాత్‌లోకి చేర్చండి.

ఇలా నడిపిన ప్రోగ్రాంలలో ఒక వింత కనబడుతుంది: లాగుల్లో టైం అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. వేరే ప్రిఫిక్స్‌తో కట్టిన జీలిబ్‌సీ లోకల్‌టైమ్ ఫైలును "/ఈటీసీ"లో కాకుండా తన ప్రిఫిక్స్ కింది ఈటీసీలో వెతుకుతుంది, అక్కడ లేకపోతే యూటీసీ తీసుకుంటుంది. ప్రిఫిక్స్ కింది ఈటీసీలో లోకల్‌టైమ్‌కు, షేర్‌లో జోన్‌ఇన్ఫోకు సిస్టమ్‌వాటి వైపు సిమ్‌లింక్‌లు పెడితే సరి.

ప్యాచ్‌ఎల్ఫ్ బదులు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లున్నారు. చేయకండి. ఆ వేరియబుల్ పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ వారసత్వంగా పోతుంది. నోడ్ లోపలి నుంచి "/బిన్/ఎస్‌హెచ్" పిలవగానే పాత లోడర్, కొత్త లిబ్‌సీ ఎదురుపడి అది చనిపోతుంది. ఇప్పటికే ఎక్స్‌పోర్ట్ చేసి ఎల్‌ఎస్ కూడా పనిచేయని స్థితిలో ఉంటే "అన్‌సెట్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్" కొట్టండి. అన్‌సెట్ షెల్‌లోనే ఉన్న కమాండ్ కాబట్టి ఏ లైబ్రరీ అక్కర్లేదు.

ప్రశ్న: చేయకూడనిదే చేశాను. సెంట్‌ఓఎస్ 7లో "/లిబ్64/లిబ్‌సీ.ఎస్‌ఓ.6" లింకును 2.28 వైపు తిప్పాను. ఇప్పుడు ఎల్‌ఎస్, సీపీ, ఎల్‌ఎన్ ఏదీ నడవదు. రూట్‌గా ఒక్క ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ మిగిలింది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ సెషన్ మూయకండి, ఎగ్జిట్ కొట్టకండి, వైఫై మార్చకండి. నడుస్తున్న బ్యాష్ పాత లిబ్‌సీని మెమరీలో పట్టుకునే ఉంది. కొత్తగా మొదలయ్యే ప్రతి ప్రోగ్రాం మాత్రం చస్తుంది. రీబూట్ చేద్దామనే ఆలోచన అసలు రానీయకండి, మొదటి ప్రాసెస్ అయిన సిస్టమ్‌డీయే లేవదు.

బ్యాష్ లోపలి కమాండ్లు పనిచేస్తాయి. ఎల్‌ఎస్ బదులు "ఎకో /లిబ్64/లిబ్‌సీ-*" కొడితే ఫైళ్ల పేర్లు కనబడతాయి. అందులో లిబ్‌సీ-2.17.ఎస్‌ఓ ఉంటే మీరు గట్టెక్కినట్టే.

ఇలాంటి రోజు కోసమే జీలిబ్‌సీ ప్యాకేజీలో ఎస్‌ఎల్‌ఎన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. స్టాటిక్‌గా కట్టిన ఎల్‌ఎన్ అది, ఏ లైబ్రరీ అడగదు. కొట్టాల్సింది: "/ఎస్‌బిన్/ఎస్‌ఎల్‌ఎన్ /లిబ్64/లిబ్‌సీ-2.17.ఎస్‌ఓ /లిబ్64/లిబ్‌సీ.ఎస్‌ఓ.6". అంతే, ఎల్‌ఎస్ తిరిగి వస్తుంది.

ఎస్‌ఎల్‌ఎన్ కనబడకపోతే మామూలు ఎల్‌ఎన్‌కే పాత లిబ్‌సీని చేతికివ్వాలి: "ఎల్‌డీ_ప్రీలోడ్=/లిబ్64/లిబ్‌సీ-2.17.ఎస్‌ఓ /బిన్/ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్ లిబ్‌సీ-2.17.ఎస్‌ఓ /లిబ్64/లిబ్‌సీ.ఎస్‌ఓ.6". ముందుగా ఎక్కిన ఫైలు తన సొంత పేరు లిబ్‌సీ.ఎస్‌ఓ.6 అని చెప్పుకుంటుంది కాబట్టి లోడర్ రెండోదాన్ని వెతకదు.

"ఎల్‌ఎస్ అనే ఫైలు లేదు" అని వస్తోందా? ఫైలు కళ్లెదుటే ఉన్నా అలా అంటోందంటే పోయింది లిబ్‌సీ కాదు, లోడర్ లింకు. అప్పుడు ఎల్‌ఎన్ ముందు "/లిబ్64/ఎల్‌డీ-2.17.ఎస్‌ఓ" అని పాత లోడర్ పేరు రాసి నడపండి. ఎస్‌ఎల్‌ఎన్ ఈ స్థితిలోనూ పనిచేస్తుంది.

సెషన్ రూట్‌ది కాకుండా మామూలు యూజర్‌దైతే ఈ చిట్కాలేవీ సాగవు. సుడో కూడా లిబ్‌సీ మీద ఆధారపడిందే, పైగా సెట్‌యూఐడీ (యజమాని హక్కులతో నడిచే) ప్రోగ్రాం కాబట్టి మీరిచ్చిన ప్రీలోడ్ దారిని లోడర్ పట్టించుకోదు.

లింకు తిరిగి వచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకుని లేచిపోతారు. మళ్లీ పడిపోయేది అక్కడే. లైబ్రరీల లింకులు సరిచూసే ఎల్‌డీకాన్ఫిగ్ నడిచిన ప్రతిసారీ ఒకే పేరుకు రెండు వెర్షన్లు కనబడితే పెద్ద నంబరు వైపు లింకు తిప్పుతుంది. మీ లిబ్‌సీ-2.28.ఎస్‌ఓ ఇంకా "/లిబ్64"లోనే ఉంటే రేపు ఏదో చిన్న ప్యాకేజీ యమ్‌తో ఎక్కించగానే, అది ఎల్‌డీకాన్ఫిగ్ పిలవగానే, కథ మళ్లీ మొదటికి. కాబట్టి 2.28 తాలూకు ప్రతి ఫైలునూ, లిబ్‌ఎం, లిబ్‌పీథ్రెడ్ లాంటి తోడు ఫైళ్లతో సహా, రూట్ హోమ్‌లోకి తరలించండి. తర్వాత "ఆర్‌పీఎం -వీ జీలిబ్‌సీ" (వీ పెద్దక్షరం) కొట్టి ఏ ఫైలు మారిందో చూడండి, ఆ మీద జీలిబ్‌సీ, జీలిబ్‌సీ-కామన్ రెంటినీ యమ్ రీఇన్‌స్టాల్ చేయండి. సెంట్‌ఓఎస్ 7 రెపోలు ఇప్పుడు వాల్ట్ సర్వర్‌కు మారాయి, రెపో ఫైళ్లలో చిరునామా మార్చకపోతే యమ్‌కు ఏమీ దొరకదు. రెండో సెషన్ తెరిచి లాగిన్ అవుతోందో లేదో చూశాకే మొదటిది మూయండి.

సెషన్ పోయి ఉంటే? కన్సోల్ అందుబాటులో ఉన్నవాళ్లకు తేలిక దారి గ్రబ్ (బూట్ మెనూ)లో ఉంది. కెర్నల్ లైను చివర "ఆర్‌డీ.బ్రేక్" చేర్చి బూట్ చేయండి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్)లో దాని సొంత లిబ్‌సీ కాపీ ఉంటుంది, మీరు దాన్ని మళ్లీ తయారుచేసి ఉండకపోతే అది పాతదే, అక్కడి షెల్ నడుస్తుంది. "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /సిస్‌రూట్" తర్వాత "/సిస్‌రూట్/లిబ్64" లోపలి లింకు సరిచేసి, ఎస్‌ఈలైనక్స్ లేబుళ్ల కోసం "/సిస్‌రూట్/.ఆటోరీలేబుల్" ఫైలు టచ్‌తో పుట్టించండి. సీహెచ్‌రూట్ (ఆ డిస్కునే మూలంగా చేసుకుని లోపలికి వెళ్లడం) చేయకండి. లోపలి బ్యాష్‌కు కావలసింది ఆ పాడైన లిబ్‌సీయే కదా, పని బయటి నుంచే జరగాలి. ఇన్‌స్టాల్ ఐఎస్‌ఓలోని రెస్క్యూ మోడ్‌లోనూ ఇదే నియమం, అక్కడ దారి "/ఎంఎన్‌టీ/సిస్‌ఇమేజ్" అవుతుంది. పాత ఫైళ్లే చెరిగిపోయి ఉంటే అక్కడి నుంచి "ఆర్‌పీఎం --రూట్ /ఎంఎన్‌టీ/సిస్‌ఇమేజ్" అని, రీప్లేస్‌ప్యాకేజెస్, ఓల్డ్‌ప్యాకేజ్ ఆప్షన్లతో 2.17 ఆర్‌పీఎంలు ఎక్కించాలి. క్లౌడ్ సర్వర్ అయితే డిస్కు విప్పి ఇంకో యంత్రానికి తగిలించి అదే పని చేయండి.

ప్రశ్న: ఎర్రర్‌లో జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4.29 అని ఉంది. దీనికీ జీలిబ్‌సీయే అప్‌గ్రేడ్ చేయాలా?
— బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అక్కర్లేదు. ఆ చివరి రెండు ఎక్స్‌లు చూడండి: అది లిబ్‌ఎస్‌టీడీసీ++, జీసీసీతో వచ్చే సీ++ లైబ్రరీ. 3.4.29 జీసీసీ 11తో వచ్చింది, 3.4.30 జీసీసీ 12తో. దీనికి లోడర్‌తో ముడి లేదు, కాబట్టి ఒక్క ప్రోగ్రాంకు కొత్తది పక్కన పెట్టుకోవచ్చు. కోండా వాడుతుంటే మీ ఎన్విరాన్‌మెంట్‌లోని లిబ్ డైరెక్టరీలోనే కొత్త కాపీ ఉండే అవకాశం ఎక్కువ, "స్ట్రింగ్స్" కమాండుతో తేల్చుకుని ఆ ఒక్క కమాండు ముందే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఇవ్వండి. బ్యాష్‌ఆర్‌సీలో రాయకండి.

ప్రశ్న: డెబియన్ 12లో ఒక్క ప్యాకేజీ కోసం సోర్సెస్ జాబితాలో ట్రిక్సీ (డెబియన్ 13) లైను చేర్చాను. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ (ఏ-పీ-టీ) దాంతో పాటు లిబ్‌సీ6ను 2.36 నుంచి 2.41కి తీసుకెళ్లింది. వెనక్కి తేవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేవచ్చో లేదో మీ లాగే చెబుతుంది. "/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్" తెరిచి ఆ రోజు ఏమేం మారాయో చదవండి. డౌన్‌గ్రేడ్‌కు డెబియన్ ఎలాంటి హామీ ఇవ్వదు. ప్యాకేజీల స్క్రిప్టులు పాతదాని నుంచి కొత్తదానికి వెళ్లే దారికే రాస్తారు. అయినా లిబ్‌సీ6, లిబ్‌సీ-బిన్, లొకేల్స్, లిబ్‌సీ6-డెవ్, ఇంకో నాలుగైదు మాత్రమే మారి ఉంటే పని సాధ్యమే.

జాబితాలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64, లిబ్‌కర్ల్4టీ64 లాంటి, చివర "టీ64" ఉన్న పేర్లు కనబడితే మాత్రం ఆగిపోండి. 64 బిట్ల కాలమానం కోసం డెబియన్ 13లో వందల లైబ్రరీల పేర్లు మార్చారు. వెనక్కి లాగబోతే ఒకదాని ఫైళ్లను ఇంకోటి తన్నుకుంటూ, ఆప్ట్ సగం సిస్టమ్‌ను తీసేస్తానంటుంది. అలాంటప్పుడు పాత స్నాప్‌షాట్‌కు వెళ్లడం, లేదా పూర్తిగా 13కు వెళ్లిపోవడం, రెండే దారులు. 2025 ఆగస్టులో అది స్టేబుల్‌గా వచ్చేసింది, మా ఓటు ముందుకు వెళ్లడానికే.

సాధ్యమయ్యే సందర్భంలో వరుస ఇది. ముందు "బిజీబాక్స్-స్టాటిక్" ఎక్కించి, రెండో టెర్మినల్‌లో రూట్‌గా "బిజీబాక్స్ ఎస్‌హెచ్" తెరిచి వదిలేయండి. లిబ్‌సీ పడిపోయినా సీపీ, ఎల్‌ఎన్, ఎంవీ అందులో ఉంటాయి. స్నాప్‌షాట్ తీయండి: బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే సబ్‌వాల్యూమ్ స్నాప్‌షాట్, ఎల్‌వీఎం అయితే "ఎల్‌వీక్రియేట్ -ఎస్" (చిన్నక్షరం), మార్పులకు సరిపడా 5 జీబీ అయినా ఇచ్చి. "/బూట్" వేరే పార్టిషన్ అయితే స్నాప్‌షాట్‌లోకి రాదు, దాన్ని విడిగా టార్ చేసుకోండి. 2.36 తాలూకు డెబ్ ఫైళ్లు ముందే దింపి పక్కన పెట్టుకోండి. మధ్యలో ఆగిపోయిన సిస్టమ్‌కు నెట్ కూడా ఉండదు.

తర్వాత ట్రిక్సీ లైను తీసేసి అప్‌డేట్ కొట్టండి. "/ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డీ" కింద ఒక ఫైలులో బుక్‌వార్మ్‌కు (డెబియన్ 12) పిన్ ప్రాధాన్యం 1001 ఇవ్వండి. 1000 దాటితేనే ఆప్ట్ వెర్షన్ తగ్గించడానికి ఒప్పుకుంటుంది. బుక్‌వార్మ్-సెక్యూరిటీ, బుక్‌వార్మ్-అప్‌డేట్స్‌కు కూడా విడివిడిగా అదే 1001 రాయాలి, వాటి కోడ్‌నేమ్‌లు వేరు. ఇది మరిచిపోతే మీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, కెర్నల్ అన్నీ సెక్యూరిటీ ప్యాచ్‌లు లేని వెర్షన్లకు జారిపోతాయి, పైకి ఏ ఎర్రరూ కనబడదు.

ఇప్పుడు "ఆప్ట్-గెట్ -ఎస్ డిస్ట్-అప్‌గ్రేడ్". ఆ -ఎస్ ఉత్తుత్తి పరుగు, ఏదీ మారదు. "డౌన్‌గ్రేడెడ్" జాబితాలో మీరు అనుకున్నవే ఉండాలి. "రిమూవ్డ్" కింద ఒక్క పేరున్నా అది ఎందుకో తెలిసేదాకా ముందుకు వెళ్లకండి. వైన్, స్టీమ్ ఉన్నవాళ్లకు లిబ్‌సీ6 ఐ386 రూపం కూడా ఉంటుంది, రెండూ అక్షరం తేడా లేకుండా ఒకే వెర్షన్ కావాలి, ఒకదాన్నే దించుతానంటే డీపీకేజీ ఒప్పుకోదు. అంతా సరిగా ఉంటే -ఎస్ తీసి నడపండి. టీమక్స్ లోపలే నడపండి, ఎస్‌ఎస్‌హెచ్ తెగినా పని ఆగదు. చివర్లో "లొకేల్-జెన్", ఆ పైన రీబూట్. పిన్ ఫైలు తీసేయడం మరవకండి.

2.41 ఉన్న రోజుల్లో మీరు సొంతంగా కంపైల్ చేసినవి ఏవైనా ఉంటే అవి ఇక నడవకపోవచ్చు, మళ్లీ కట్టుకోండి. రెడ్ హ్యాట్ వైపు వాళ్లకు ఒక మాట: "హిస్టరీ అన్‌డూ"తో జీలిబ్‌సీని వెనక్కి తేవడానికి మద్దతు లేదని రెడ్ హ్యాట్ స్వయంగా చెబుతుంది. ఫెడోరాలో "డీఎన్‌ఎఫ్ డౌన్‌గ్రేడ్" చేయాల్సి వస్తే జీలిబ్‌సీ, జీలిబ్‌సీ-కామన్, ల్యాంగ్‌ప్యాక్‌లు, డెవెల్, ఐ686 అన్నీ ఒకే కమాండులో ఇవ్వండి.

ప్రశ్న: రెడ్ హ్యాట్ 7 నుంచి 8కి మారాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తాలూకు డేటా డైరెక్టరీ అలాగే తెచ్చి తగిలించాం. ఎర్రర్లు లేవు, కానీ కొన్ని పేర్లతో వెతికితే ఉన్న రికార్డులే దొరకడం లేదు. యూనిక్ కాలమ్‌లో డూప్లికేట్లు కూడా చేరాయి.
— ఒక డీబీఏ, డాలస్

జవాబు: పోస్ట్‌గ్రెస్ తప్పు కాదు, డిస్కూ పాడవలేదు. జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమం పట్టికలు భారీగా మారాయి. టెక్స్ట్ కాలమ్‌ల మీది ఇండెక్సులు పాత వరుసలో పేర్చి ఉన్నాయి, కొత్త లిబ్‌సీ కొత్త వరుసలో వెతుకుతోంది. తప్పు కొమ్మలోకి దిగి "లేదు" అంటుంది. లేదనుకుని రెండోసారి చేర్చనిస్తుంది.

రెండు యంత్రాల్లోనూ ఇది నడిపి చూడండి: "1-1", "11" అని రెండు లైన్లు ఎకో చేసి, ఎల్‌సీ_కొలేట్‌కు ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8 ఇచ్చి సార్ట్‌కు పంపండి. 2.28కి ముందు 11 పైన, 1-1 కింద వస్తాయి. 2.28 నుంచి 1-1 పైకి వస్తుంది. హైఫన్లున్న ఫోన్ నంబర్లు, పార్ట్ నంబర్లు, డోర్ నంబర్లు ఉన్న పట్టికలను ముందు అనుమానించండి.

రాతలు ఆపండి. బ్యాకప్ తీయండి. యూనిక్ కాలమ్‌లలో డూప్లికేట్లను ఇండెక్స్ వాడకుండా వెతకాలి, కాబట్టి ఆ సెషన్‌లో ఎనేబుల్_ఇండెక్స్‌స్కాన్, ఎనేబుల్_ఇండెక్స్‌ఓన్లీస్కాన్, ఎనేబుల్_బిట్‌మ్యాప్‌స్కాన్ ఆఫ్ చేసి గ్రూప్ బై కొట్టండి. వాటిని తేల్చకుండా రీఇండెక్స్ మొదలుపెడితే యూనిక్ ఇండెక్స్ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత రీఇండెక్స్ డేటాబేస్. వెర్షన్ 12 నుంచి కంకరెంట్లీ కూడా ఉంది. ఏవి పాడయ్యాయో చూడాలంటే ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌లో బీటీ_ఇండెక్స్_చెక్. పూర్ణాంకాల, తేదీల ఇండెక్సులకు ఈ బెడద లేదు, "సీ" కొలేషన్ (అక్షరక్రమం) ఉన్నవాటికీ లేదు. టెక్స్ట్ మీద రేంజ్ పార్టిషన్లు ఉంటే మాత్రం రీఇండెక్స్ చాలదు, కొన్ని వరుసలు తప్పు పార్టిషన్‌లో ఉండిపోతాయి, వాటిని తీసి మళ్లీ చేర్చాలి.

పీజీ_డంప్ తీసి కొత్త యంత్రంలో రీస్టోర్ చేసుంటే ఇది జరిగేది కాదు, ఇండెక్సులు అక్కడే కొత్తగా కట్టుకునేవి. డైరెక్టరీ కాపీ, పీజీ_బేస్‌బ్యాకప్, స్ట్రీమింగ్ రెప్లికా, పీజీ_అప్‌గ్రేడ్, అన్నీ పాత ఇండెక్సును యథాతథంగా మోసుకొస్తాయి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొలేషన్ వెర్షన్ తేడా ఉందని హెచ్చరిక వస్తుంది. రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ కమాండు ఆ హెచ్చరికను తీసేస్తుందంతే, ఇండెక్సును బాగుచేయదు. రీఇండెక్స్ ముందు, అది తర్వాత. కంటైనర్‌లో పోస్ట్‌గ్రెస్ నడిపేవాళ్లు ఇమేజ్ ట్యాగ్‌లో డెబియన్ కోడ్‌నేమ్ కూడా రాయండి. లేకపోతే ఓ రోజు ఇమేజ్ కింద డెబియన్ మారి, మీకు తెలియకుండానే ఇదంతా జరుగుతుంది.

ప్రశ్న: సెక్యూరిటీ అప్‌డేట్‌లో లిబ్‌సీ6 మారింది, కానీ నంబరు ఇంకా 2.35 అనే చూపిస్తోంది. ప్యాచ్ పడినట్టా? రీబూట్ తప్పదా?
— ఉబుంటు 22.04 వాడకందారు, తిరుపతి

జవాబు: పడినట్టే. డిస్ట్రిబ్యూషన్లు నంబరు మార్చకుండా ప్యాచ్‌ను మాత్రం పాత వెర్షన్‌లోకి తెస్తాయి. తోక నంబరు చూడాలి. "ఆప్ట్ చేంజ్‌లాగ్ లిబ్‌సీ6"లో సీవీఈ (భద్రతా లోపానికి ఇచ్చే) నంబరు ఉందో లేదో చూడండి. 2023 అక్టోబరులో బయటపడిన లూనీ ట్యూనబుల్స్, సీవీఈ-2023-4911, అసలు జీలిబ్‌సీలో 2.34తో మొదలైన లోపం. అయినా 2.28 ఉన్న రెడ్ హ్యాట్ 8 కూడా దానికి లోనైంది, ఎందుకంటే ఆ మార్పును రెడ్ హ్యాట్ ముందే వెనక్కి తెచ్చుకుంది. ఉత్త నంబరు చూసి భయపడటమూ, ధైర్యపడటమూ రెండూ తప్పే.

నడుస్తున్న ప్రాసెస్‌లు పాత లిబ్‌సీతోనే ఉంటాయి. "నీడ్‌రీస్టార్ట్" ఏవేవో చూపిస్తుంది, రెడ్ హ్యాట్ వైపు "నీడ్స్-రీస్టార్టింగ్". సిస్టమ్‌డీకి "సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీఎగ్జెక్" ఉంది, కానీ డీబస్ లాంటివాటిని మధ్యలో ఆపి లేపితే కొత్త తలనొప్పులు. లిబ్‌సీకి మాత్రం రీబూట్ చేయడమే తక్కువ శ్రమ.

ప్రశ్న: ఆర్చ్ లైనక్స్‌లో జీలిబ్‌సీ 2.41 వచ్చాక మేం కొన్న ఒక ప్రోగ్రాం తాలూకు ప్లగిన్ "కెనాట్ ఎనేబుల్ ఎగ్జిక్యూటబుల్ స్టాక్" అని లోడ్ కావడం లేదు. జీలిబ్‌సీని 2.40కి దించి, ఇగ్నోర్‌ప్యాకేజ్ (అప్‌డేట్ చేయొద్దనే జాబితా)లో పెట్టేశాను. మంచిదేనా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కాదు. ఆర్చ్‌లో మిగతా ప్యాకేజీలు ఇకపై 2.41, ఆ తర్వాతి వెర్షన్ల మీదే కడతారు. జీలిబ్‌సీ ఒక్కదాన్ని ఆపితే ఏదో ఒక అప్‌డేట్‌లో, ప్యాకేజీలు ఎక్కించే ప్యాక్‌మ్యానే లేవకపోవచ్చు. ఇగ్నోర్ తీసేసి, "ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వైయూ" (ఎస్ పెద్దక్షరం, మిగతావి చిన్నవి)తో మొత్తం ముందుకు తెచ్చుకోండి. 32 బిట్ల లిబ్32-జీలిబ్‌సీ కూడా దాంతోపాటే వస్తుంది.

లోపం ఆ ప్లగిన్‌లో ఉంది. స్టాక్ (ప్రోగ్రాం తాత్కాలిక డేటా ఉండే మెమరీ)లో కోడ్ నడపనివ్వమని అడిగే గుర్తు దాని మీద ఉంది. ప్రోగ్రాం మధ్యలో లోడ్ చేసే లైబ్రరీలకు ఆ కోరిక తీర్చడం 2.41లో మానేశారు, భద్రత కోసం. చాలా లైబ్రరీలకు నిజంగా ఆ అవసరం లేదు. ఏదో అసెంబ్లీ ఫైలులో ఒక లైను రాయడం మరిచిపోతే లింకర్ తనంతట తాను వేసిన గుర్తు అది. "రీడ్‌ఎల్ఫ్ -ఎల్‌డబ్ల్యూ" (ఎల్ చిన్నది, డబ్ల్యూ పెద్దది) కొట్టి జీఎన్‌యూ_స్టాక్ లైను చూడండి. అక్కడ ఆర్‌డబ్ల్యూఈ ఉంటే, ఆ ఈ అక్షరమే గొడవ. ప్లగిన్ ఫైలు కాపీ ఒకటి దాచి, "ప్యాచ్‌ఎల్ఫ్ --క్లియర్-ఎగ్జెక్‌స్టాక్" దాని మీద నడపండి. మళ్లీ రీడ్‌ఎల్ఫ్‌లో ఆర్‌డబ్ల్యూ మాత్రమే కనబడాలి. ఆ తర్వాత ప్లగిన్ లోడై కూలిపోతే దానికి నిజంగానే ఆ అవసరం ఉన్నట్టు. అమ్మినవాళ్లను కొత్త బిల్డ్ అడగండి, అది వచ్చేదాకా ఆ ప్రోగ్రాంను పాత జీలిబ్‌సీ ఉన్న కంటైనర్‌లో నడుపుకోండి.